ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో కంబాలకొండకు ఎలా వెళ్లాలి?

విశాఖలో పిల్లల్ని బయటకు తీసుకెళ్దామంటే ఎవరికైనా ముందు ఆర్కే బీచ్, కైలాసగిరి, జూ గుర్తొస్తాయి. మూడు చోట్లా జనం, అరుపులు, బూరల మోత. ఆటిజం ఉన్న మా అబ్బాయికి వాటికన్నా అడవి నయమని నాకు అర్థమైంది. జూకి దగ్గర్లోనే, హైవే పక్కనే ఉంది కంబాలకొండ అభయారణ్యం. ఒకప్పుడు విజయనగరం ప్రభువుల అధీనంలో ఉండేది, 1970 నుంచి అటవీశాఖ చూసుకుంటోంది. విస్తీర్ణం సుమారు 71 చదరపు కిలోమీటర్లు. మన పిల్లలకు అందులో నీడ ఉన్న ఒక చిన్న దారి చాలు.

నా మట్టుకు నేను ఈ ప్రయాణాన్ని చివరి నుంచి మొదలుపెడతాను. పిల్లాడు ఏడుపు లంకించుకుంటే అక్కణ్నుంచి కారు దాకా ఎలా వస్తాం? ఈ ప్రశ్నకు జవాబు దొరికాకే మిగతావి.

అందుకే ముందు మీరొక్కరే వెళ్లి చూసి రండి. గేటు నుంచి ఎంత దూరం నడవాలి, నీడ ఎక్కడుంది, కూర్చోడానికి ఏముంది, నీళ్లు దొరుకుతాయా చూడండి. టాయిలెట్ లోపలికి వెళ్లి మరీ చూడాలి. కమోడ్ ఉందా, తలుపు వీల్‌చైర్ పట్టేంత వెడల్పుందా, పెద్ద పిల్లలకు డైపర్ మార్చే చోటుందా? అడవి దారుల్లో రాళ్లు, వేర్లు, ఎత్తుపల్లాలు ఉంటాయి కాబట్టి చిన్న చక్రాల కుర్చీ ఎంతవరకు వెళ్తుందో అంతవరకే మీ అడవి అనుకోండి. వేళలు, టికెట్టు, కారు ఎక్కడిదాకా రానిస్తారు అన్నవి సిబ్బందినే అడగండి. పిల్లల సంగతి ముందే చెప్పి సాయం అడగడానికి మొహమాటం వద్దు. బహిరంగ ప్రదేశాలు అందరికీ అందుబాటులో ఉండాలని 2016 వికలాంగుల హక్కుల చట్టమే చెబుతోంది. యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) వెంట ఉంచుకోండి. పనిలో పనిగా గేటు, దారి, బల్ల, టాయిలెట్ ఫొటోలు తీసుకోండి.

రోజు ఎంచుకోవడంలో సగం పని అయిపోతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం బాగుంటుంది, కానీ కార్తీక మాసం ఆదివారాలు మాత్రం వద్దే వద్దు. వనభోజనాల జనంతో ఏ తోటా నిశ్శబ్దంగా ఉండదు. మామూలు పనిదినాన, గేటు తీసే వేళకు చేరుకోండి. వేసవిలో మన ఊరి ఉక్కపోత పెద్దవాళ్లకే కష్టం. మూర్ఛకు టోపిరమేట్ వాడే కొందరు పిల్లలకు చెమట సరిగా పట్టదు, ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది. అలాంటి మందులుంటే ఎండ సంగతి డాక్టరుతో ముందే మాట్లాడండి.

వెళ్లడానికి కొన్ని రోజుల ముందు నుంచి ఆ ఫొటోలు వరసగా చూపిస్తూ కథలా చెప్పండి. కారెక్కుతాం, గేటు దగ్గర ఆగుతాం, నడుస్తాం, బల్ల మీద కూర్చుని ఇడ్లీ తింటాం. ఆఖరి ఫొటో మీ ఇంటి గుమ్మానిది కావాలి. ఇంటికి వెళ్లడం కూడా కథలో భాగమని తెలిస్తే బయల్దేరేటప్పుడు పేచీ తగ్గుతుంది. చిరుత కనిపిస్తుందనో, నెమలి వస్తుందనో మాటివ్వకండి. మన పిల్లల్లో చాలామంది మాటను మాటగానే పట్టుకుంటారు. ఆకులు ముట్టుకుందాం, పక్షుల కూత విందాం అని చెప్తే చాలు, అవి ఎలాగూ ఉంటాయి. చూపు లేని పిల్లలకు చెట్టు బెరడు, నలిపిన ఆకు వాసన, ఎండుటాకుల మీద అడుగుల చప్పుడు పెద్ద ఆనందం.

సంచిలో ఇంటి తిండి, నీళ్లు, వేళకు వేసే మందులు, అదనపు బట్టలు, చెవులకు హెడ్‌ఫోన్లు, పరచుకోడానికి దుప్పటి, ఇష్టమైన బొమ్మ పెట్టుకోండి. మాట రాని పిల్లల బొమ్మల కార్డులు మర్చిపోకూడదు. తినుబండారాల సంచి మూసే ఉంచండి, కోతులుంటే లాక్కుపోతాయి. పిల్లల చొక్కా లోపలి వైపు మీ ఫోను నంబరు రాయండి.

అక్కడికి చేరాక అన్నిటికన్నా ముఖ్యం నీళ్లు. లోపల చెరువుంది. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందిని నీళ్లు లాగేస్తాయి, వాళ్లు చెప్పకుండా పరుగు తీస్తారు. కాబట్టి పిల్లాడి బాధ్యత పేరుపెట్టి ఒక్కరికే అప్పగించండి. "అందరం ఉన్నాం కదా" అనుకున్నప్పుడే ఎవరూ చూడరు. ఆ ఒక్కరు ఫోను తీయకూడదు, మారేటప్పుడు "ఇక నువ్వు చూడు" అని నోటితో చెప్పి మారాలి. పిల్లాడు కనిపించకపోతే మొదట పరుగెత్తాల్సింది నీటి వైపే. ఒకరు అటు వెళ్తే ఇంకొకరు గేటు దగ్గర సిబ్బందికి చెప్పాలి. దారి వదిలి పొదల్లోకి పోనివ్వకండి, పాములుంటాయి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో కొందరికి మెడ ఎముకలు వదులుగా ఉంటాయి. డాక్టరు సరేననకుండా తాళ్ల మీది ఆటలు, దూకుళ్లు వద్దు.

మూర్ఛ వస్తే చేతిలో తాళాలు పెట్టడం, ముక్కు దగ్గర ఉల్లిపాయ పెట్టడం వల్ల ఏ ప్రయోజనమూ లేదు. నోట్లో ఏమీ పెట్టకండి, గట్టిగా పట్టుకోకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తటిది పెట్టి, టైము చూడండి. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోను చేయండి. డాక్టరు అత్యవసర మందు రాసిచ్చి ఉంటే అది చేతికందేలా ఉండాలి.

ఎవరైనా వచ్చి "బాబుకేమైందమ్మా?" అని అడుగుతారు. "వాడికి చప్పుళ్లు పడవండి, కాసేపు ప్రశాంతంగా ఉండనివ్వండి" అంటే సరిపోతుంది. అంతకుమించి చెప్పుకోవాల్సిన పని లేదు. వెంట వచ్చిన అక్కకో తమ్ముడికో మాత్రం కాస్త సమయం విడిగా ఇవ్వండి. ఎప్పుడూ సర్దుకుపోయేది వాళ్లే.

మొదటిసారి గంటకు మించి ఉండొద్దు. పిల్లాడు ఇంకా హుషారుగా ఉండగానే ఇంటి గుమ్మం ఫొటో చూపించి, "ఆ చెట్టు దాకా, తర్వాత కారు" అని చెప్పి కదలండి. చెవులు మూసుకోవడం, ఒకే చోట తిరగడం లాంటి మీకు తెలిసిన గుర్తులు కనబడితే అరగంటకైనా లేచి వచ్చేయండి. రెండోసారి అదే దారి, అదే బల్ల. కొత్త దారి కోరిక పిల్లాడి వైపు నుంచి వచ్చేదాకా ఆగండి.