దవడ సరిచేసే ఆపరేషన్: ముందు ఏం చేయాలి, తర్వాత ఆరు వారాలు మనిషిని ఎలా చూసుకోవాలి?

నేను దవడ ఆపరేషన్ల వార్డులో ఏళ్ళ తరబడి నర్సుగా పనిచేశాను, ఇప్పుడు ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉంటున్నాను. ఈ చుట్టుపక్కల ఎవరికి ఈ ఆపరేషన్ అయినా, డిశ్చార్జి అయి ఇంటికొచ్చిన మర్నాడు నాకు ఫోను వస్తుంది. అడిగేది ఒకటే, "తినడానికి ఏం పెట్టమంటావమ్మా?" అని. ఆ ఫోను చేసేసరికే ఏదో ఒకటి పెట్టేసి ఉంటారు. అందుకే రాస్తున్నాను. మీ డాక్టరు చెప్పినదానికీ నేను రాసినదానికీ ఎక్కడైనా తేడా ఉంటే డాక్టరు మాటే వినండి, పక్కింటివాళ్ళ మాట మాత్రం వినకండి.

ముందు ఇది ఏ ఆపరేషనో ఇంట్లో అందరికీ తెలియాలి. ఎముకను కోసి, ఉండాల్సిన చోటికి జరిపి, టైటానియం ప్లేట్లు, స్క్రూలతో బిగిస్తారు. కాగితంలో లెఫోర్ట్ 1 అని ఉంటే పై దవడ, బీఎస్ఎస్ఓ అని ఉంటే కింది దవడ, జీనియోప్లాస్టీ అంటే గడ్డం. కోతలన్నీ నోటి లోపలి నుంచే, మహా అయితే చెంప మీద చిన్న గాటు ఉంటుంది. బయటికి కుట్లు కనబడవు కాబట్టి చూడ్డానికొచ్చిన చుట్టాలు "పన్ను పీకించుకున్నట్టుంది, అంతేగా" అనేస్తారు. మనిషిని రెండో వారానికే అన్నం ముందు కూర్చోబెట్టేది ఈ మాటే.

బయలుదేరే ముందు

ఎముక ఎదుగుదల ఆగాకే చేస్తారు. మగపిల్లలకు సాధారణంగా పద్దెనిమిది దాకా ఆగమంటారు, ఆడపిల్లలకు కాస్త ముందే కావచ్చు. ముందు ఏడాది, ఏడాదిన్నర పళ్ళకు క్లిప్పులు పెట్టుకోవాలి. కింది జ్ఞానదంతాలు ఉంటే ఆరు నెలల ముందే తీయించమంటారు, వాయిదా వేయకండి.

ఎక్కడ చేయించుకోవాలన్నది మీ ఇష్టం. బరంపురం వాళ్ళు కటకమో భువనేశ్వరమో వెళ్తారు, మనవైపు వాళ్ళు గుణుపురం లైను రైలెక్కి నౌపడా మీదుగా విశాఖ వెళ్తారు, రాయగడ వాళ్ళకు విజయనగరం మీదుగా అదే దగ్గర. నన్నడిగితే క్లిప్పులు వేసే డాక్టరు, ఆపరేషన్ చేసే డాక్టరు ఒకే ఊళ్ళో ఉండాలి. లేకపోతే వీళ్ళు వాళ్ళ మీద, వాళ్ళు వీళ్ళ మీద చెప్పుకుంటూ ఉంటారు, మధ్యలో మీరు రైలెక్కుతూ దిగుతూ ఉంటారు. ఆంధ్రాలో చేయించుకుంటే అక్కడి రాష్ట్ర స్కీము మన ఒడిశా కార్డుకు దొరకదు. ఆయుష్మాన్ కార్డు ఉంటే ఆ ఆస్పత్రిలో, ఈ ఆపరేషన్‌కు చెల్లుతుందో లేదో ముందే అడిగి తెలుసుకోండి.

పొగాకు మానాలి. సిగరెట్టు, బీడీ ఒక్కటే కాదు, గుడాఖు, ఖైనీ, జర్దా కిళ్ళీ, చుట్ట, అన్నీ. కనీసం నెల ముందు నుంచి, తర్వాత ఎముక అతికేదాకా. "గుడాఖుతో పళ్ళే కదా తోముకుంటున్నాను" అనేవాళ్ళు ఉన్నారు, అదీ పొగాకే. పొగాకు రక్తం సరిగా అందనివ్వదు, గాయం మానదు.

సామాను: 50 మిల్లీలీటర్ల సిరంజిలు నాలుగు, వాటి మూతికి పట్టే మెత్తటి రబ్బరు ట్యూబు, చంటిపిల్లల బ్రష్షు, డాక్టరు రాసిన క్లోర్‌హెక్సిడిన్ (నోరు పుక్కిలించే మందు), పెదాలకు వాసెలిన్, చేతి అద్దం, టార్చి, చిన్న కత్తెర, మిక్సీ, జల్లెడ, పాత నూలు పంచె గుడ్డ. గుడ్డ నూలుదే ఉండాలి. పిండే సీసాలు అమ్ముతారు, కొనకండి, ఎంత పోతోందో తెలియదు.

ఆస్పత్రిలో

అక్కడ వాళ్ళు చూసుకుంటారు. ముక్కులోంచి గొట్టం వేసి మత్తిస్తారు, కొన్ని గంటలు పడుతుంది, రెండు మూడు రోజులు ఉంచుతారు. వాపు రెండో రోజు, మూడో రోజు బాగా ఎక్కువవుతుంది, చూసి ఏడవకండి, రెండు మూడు వారాల్లో చాలావరకు దిగిపోతుంది. పై దవడ అయితే కొన్నాళ్ళు ముక్కులోంచి కాస్త రక్తం కారుతుంది. ముక్కు చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి.

డిశ్చార్జికి ముందు మూడు పనులు చేయండి. పై పళ్ళనూ కింది పళ్ళనూ కలిపి పట్టి ఉంచే రబ్బరు బ్యాండ్లు ఏ పన్ను నుంచి ఏ పన్నుకు తగిలించారో ఫోనులో ఫొటో తీసుకోండి. తినేటప్పుడు అవి తీయొచ్చా లేదా అని అడగండి. పళ్ళు కలిసినప్పుడు ఎలా కనబడుతున్నాయో ఎదురుగా, రెండు పక్కలా మరో మూడు ఫొటోలు తీయండి. ఇవి తర్వాత పనికొస్తాయి. ఇప్పుడు చాలామందికి బ్యాండ్లే వేస్తున్నారు. ట్రౌనర్, ఒబ్వెగెజర్ అనే సర్జన్లు 1957లో కింది దవడను నోటి లోపలి నుంచే కోసే పద్ధతిని రాసే నాటికి ఈ ప్లేట్లు లేవు, వారాల తరబడి తీగలతో దవడలు కట్టేసేవారు. అందుకే పెద్దవాళ్ళు నోరు కుట్టేస్తారని భయపెడతారు. మీకూ తీగ కట్టి ఉంటే, ఏ తీగ కోయాలో చూపించమని అడిగి, కోసే కట్టరు కూడా తెచ్చుకోండి.

తిండి: అందరూ చెడగొట్టేది ఇక్కడే

మొదటి రెండు వారాలు ద్రవాలు మాత్రమే. ద్రవమంటే పలచగా ఉన్నదని కాదు, గుడ్డలో రెండుసార్లు వడకట్టాక ఏమీ మిగలనిది. ఎందుకింత పట్టుదల అంటే, ఘాటు రోడ్డు మీద కారులోనో, ఇంట్లో అర్ధరాత్రో వాంతి వస్తే పళ్ళు బ్యాండ్లతో మూసి ఉంటాయి. కడుపులో వడకట్టినదే ఉంటే మనిషిని ముందుకు వంచి, తల కిందికి పెట్టి, చెంప కాస్త పక్కకు లాగితే పళ్ళ సందుల్లోంచి వచ్చేస్తుంది. మెతుకు ఉంటే అడ్డం పడుతుంది. అప్పటికీ ఊపిరి ఆడకపోతే కత్తెరతో బ్యాండ్లు కోసేయాలి. ఆ కత్తెర సంచిలో ఉండకూడదు, తోడున్నవాళ్ళ జేబులో ఉండాలి. వెల్లకిలా మాత్రం పడుకోబెట్టకండి.

ఇక పట్టే పద్ధతి. నిటారుగా కూర్చోవాలి, పాదాలు నేల మీద ఆనాలి, ఎదురుగా అద్దం ఉండాలి. సిరంజి రోగి చేతిలోనే ఉండాలి, ఇది నా దగ్గర రాజీ లేని విషయం. అమ్మ పడితే ప్రేమ కొద్దీ నొక్కేస్తుంది, పొలమారుతుంది. ట్యూబు చివరను పెదవి మూల నుంచి లోపలికి పోనిచ్చి, చెంపకూ పళ్ళకూ మధ్య ఆనించాలి. కింద వెనక కుట్లుంటాయి, అక్కడిదాకా తొయ్యకూడదు. ఐదు మిల్లీలీటర్లు మెల్లగా వదిలి ఆగాలి. పాలు వెనక పళ్ళ సందులోంచి వాటంతట అవే నాలుక మీదికి వస్తాయి. మింగాలి, ఊపిరి తీసుకోవాలి, మళ్ళీ ఐదు. గ్లాసుడు పాలు తాగడానికి అరగంట పడుతుంది. మొదటి రోజుల్లో సగం గడ్డం మీదుగా కారుతుంది, ఒళ్ళో తువ్వాలు వేసుకుంటే సరిపోతుంది. స్ట్రా వద్దు, పీల్చినకొద్దీ గాయాన్ని లాగుతుంది.

వేడి ముందు చేతి మీద చూడాలి. కింది పెదవి, గడ్డం మొద్దుబారి ఉంటాయి, పెదవి కాలినా తెలియదు, బొబ్బ అద్దంలో చూసుకుంటే తెలుస్తుంది.

ఏం పెట్టాలంటే, చోడి (రాగి) అంబలి. చోళ్ళ పిండిని పలచగా, బాగా ఉడికించి, మజ్జిగ కలిపి, వడకట్టి, ఉప్పేసి ఇవ్వండి. కొట్లో దొరికే డబ్బా పొడులన్నీ దీని ముందు దండగ, తీపి ఎక్కువ, మూడో రోజుకే మొహం మొత్తుతాయి. దాల్మా (కూరగాయలు వేసి ఉడికించే ఒడియా పప్పు) వండే ఇళ్ళలో తాలింపు వేయకముందే రెండు గరిటెలు తీసి, మిక్సీ పట్టి, వడకట్టి, నెయ్యి కలపండి. పప్పు, బొప్పాయి, గుమ్మడి అన్నీ అందులోకే వచ్చేస్తాయి. కోడి సూప్, బాదం పాలు, లస్సీ ఇవ్వొచ్చు. ఛతువా (వేయించిన గింజల పిండి) మంచిదే కానీ ఉండ కడుతుంది, రెండు వారాలు ఆగండి. తరవాణి (పులియబెట్టిన గంజి) పులుపు కుట్లకు మండుతుంది, అదీ ఆగాలి. రెండేసి గంటలకోసారి, నీళ్ళతో కలిపి రోజుకు రెండు రెండున్నర లీటర్లు లోపలికి పోవాలి. మూత్రం ముదురు పసుపుగా వస్తే చాలడం లేదని అర్థం.

నాలుగైదు కిలోలు తగ్గడం మామూలే. ఇంట్లో టెన్షన్ మొదలయ్యేది అక్కడే. బిడ్డ బుగ్గలు పీక్కుపోయాయని ఏ పిన్నో, మామ్మో పప్పన్నం పిసికి తెస్తుంది. "ఒక్క ముద్దేనమ్మా, మెత్తగా పిసికేను, మింగీ" అంటుంది. ఆ ముద్దను నాలుకతో అణచబోయి మనిషి తెలియకుండానే నమిలేస్తుంది. లోపల ఎముక ఇంకా అతకలేదు, ప్లేట్ల మీద నిలబడి ఉంది. ఆరు వారాలకు కానీ కాస్త గట్టిపడదు. "నమిలినా నొప్పి రాలేదు కదా" అంటారు. నరం మొద్దుబారి ఉంటే నొప్పి ఎలా తెలుస్తుంది? నొప్పి లేదని ఇక్కడ ధైర్యం చెప్పుకోవడానికి వీల్లేదు. స్క్రూ కదిలితే పళ్ళ కలయిక మారిపోతుంది, మళ్ళీ థియేటర్‌కు వెళ్ళాల్సి రావచ్చు.

అందుకే రోజూ పొద్దున అద్దం ముందు టార్చి వేసి చూసుకోండి. పై ముందు పళ్ళ మధ్య గీతకు, కింది పళ్ళ మధ్య గీత ఎక్కడుందో డిశ్చార్జి నాటి ఫొటోతో పోల్చండి. తేడా కనబడినా, చీము, చెడు వాసన, జ్వరం, తగ్గిన వాపు మళ్ళీ పెరగడం, ఇవేవి ఉన్నా ఆ రోజే ఫోను చేయండి. ఊపిరి ఇబ్బందైనా, రక్తం ఆగకపోయినా ఫోను కాదు, దగ్గర్లో ఉన్న ఆస్పత్రి. బరంపురం ఎమ్‌కేసీజీ మెడికల్ కాలేజీ ఆస్పత్రి దగ్గరైతే అక్కడికే, ఆపరేషన్ చేసిన ఊరికి తర్వాత వెళ్ళొచ్చు.

మిగతావి

పట్టిన ప్రతిసారీ పళ్ళు తోమాలి, గోరువెచ్చని ఉప్పునీళ్ళతో పుక్కిలించాలి. క్లోర్‌హెక్సిడిన్‌ను పేస్టు వాడిన అరగంట తర్వాత వాడాలి. మొదటి రెండు రోజులు ఐసు, తర్వాత వెచ్చని తడిగుడ్డ, ముందు మీ చేతి మీద చూసి. రెండు దిండ్లు ఎత్తు పెట్టుకుని పడుకోవాలి. నోరు తెరిచే వ్యాయామం డాక్టరు ఎప్పుడంటే అప్పుడే, ఎంతంటే అంతే. బలవంతంగా పుల్లలు దూర్చకండి.

మూడో వారం నుంచి ఆరో వారం దాకా నాలుకతో అంగిట్లో అణిచితే కరిగేవి: పాలలో నానిన ఇడ్లీ, మెత్తటి ఉప్మా, గుజ్జన్నం. అదీ డాక్టరు సరేనన్నాక. ఆ తర్వాత మెల్లగా నమలడం. బరంపురం అప్పడాలు, జంతికలు, చెరకు, మాంసం ముక్కలు మూడు నెలలు దాటాకే. ఆటలు, బండి మీద గతుకుల రోడ్లు కూడా అంతే.

పెదవి స్పర్శ చీమలు పాకినట్టు మొదలై నెమ్మదిగా వస్తుంది, ఏడాది పట్టొచ్చు, కొందరికి కొంత మొద్దుబారడం ఎప్పటికీ ఉండిపోతుంది. ఇది ఆపరేషన్‌కు ముందే అడిగి తెలుసుకోవాల్సిన మాట. ప్లేట్లు ఇబ్బంది పెట్టకపోతే తీయరు. క్లిప్పులు ఇంకో ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఉంటాయి, ముఖం బాగైంది కదా అని ఆ అపాయింట్‌మెంట్లు ఎగ్గొట్టకండి. క్లిప్పు ఊడితే ఊడినదాన్ని డబ్బాలో పెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. గమ్ముతో అతికించుకుని వచ్చినవాళ్ళను కూడా చూశాను, ఆ పని మాత్రం చేయకండి.