కూలర్ నడుస్తోంది, చల్లదనం రావట్లేదు: సమస్య - పరిష్కారం

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుంది. హోలీ నాటికి సజ్జ మీది కూలర్ కిందికి దిగుతుంది. ఉగాది దాటిందంటే మా వాడకట్టులో నాకు పిలుపులు మొదలు. "అన్నా, కూలర్ నడుస్తనే ఉంది గానీ సల్లగ వస్తలేదు." హన్మకొండలో అయినా, కాజీపేటలో అయినా, పరకాలలో మా చుట్టాల ఇంట్లో అయినా మాట ఒక్కటే. ఈలోపు వాళ్లు చేయాల్సినవన్నీ చేసేసి ఉంటారు. ఫ్రిజ్‌లోని ఐసు ట్యాంకులో పోసి ఉంటారు, పంపు మార్చి ఉంటారు, కొందరైతే కొత్త కూలర్ ధర కూడా కనుక్కుని ఉంటారు. చూడాల్సింది మాత్రం చూడరు.

నీళ్లు పోయడం, గడ్డి మార్చడం, పంపు పైపు తగిలించడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను. ఒక్క మాట మాత్రం చెప్పాలి. కూలర్ మీద చెయ్యి పెట్టే ముందు స్విచ్ ఆపితే సరిపోదు, ప్లగ్గు పీకాలి. పాత ఇళ్లలో స్విచ్‌ను ఫేజ్ తీగకు కాకుండా న్యూట్రల్‌కు వేసినవి చాలా ఉంటాయి. అలాంటి చోట స్విచ్ ఆపినా కూలర్‌లో కరెంటు ఉంటుంది.

గది ఉక్కగా, ఒళ్లు జిగటగా ఉంటే

కారణం: గాలి బయటికి పోయే దారి లేదు.

పరిష్కారం: ఎదురుగా ఉన్న కిటికీ తీయండి. అంతే.

దీనికోసం కూడా మనిషిని పిలుస్తారంటే నమ్మండి. ఏసీ ఉన్న ఇంటికి వెళ్లొచ్చి, "చల్లదనం బయటికి పోతుంది" అని తలుపులన్నీ బిగిస్తారు. ఏసీ గదిలోని గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. కూలర్ బయటి గాలిని తడిపి లోపలికి తోస్తుంది. ఆ తడి గాలి బయటికి పోకపోతే గంటలో గది ఆవిరి పట్టినట్టు అవుతుంది. ఇక ఎంత తిప్పినా చెమట ఆరదు. కూలర్‌కు ఎదురు గోడలో ఉన్న తలుపు సందు దగ్గర వెలిగించిన అగరుబత్తి పట్టుకోండి. పొగ బయటికి వెళ్తుంటే సరే. అక్కడే తిరుగుతున్నా, లోపలికి వస్తున్నా ఇంకాస్త తీయండి. కూలర్‌ను గది మధ్యలో పెట్టి లోపలి గాలినే తాగిస్తే కూడా ఇదే బాధ. దాని వీపు కిటికీ వైపు ఉండాలి.

గాలి బాగానే వస్తోంది, ఉక్క లేదు, కానీ చల్లగా లేదు

అసలు తంటా ఇదే. పంపు పని చేస్తుంటుంది, ట్యాంకు నిండుగా ఉంటుంది, గడ్డి ముట్టుకుంటే తడి తగులుతుంది. మెకానిక్ వచ్చి "అన్నీ బాగానే ఉన్నయి" అని చార్జీ తీసుకుని వెళ్తాడు. గాలి మాత్రం మామూలు ఫ్యాను గాలే.

ముందు చూడాల్సింది గాలి కాదు, నీళ్లు. కూలర్ ఎంత తాగుతోంది? ఏప్రిల్, మే నెలల ఎండకు పెద్ద కూలర్ గంటకు పది లీటర్లకు అటూ ఇటూగా తాగాలి. చిన్నది దానికి తగ్గట్టు. చల్లదనమంతా నీళ్లు ఆవిరి కావడంలోనే ఉంది. నీళ్లు తగ్గకపోతే చల్లదనం ఎక్కడి నుంచి వస్తుంది? "మా కూలర్ మంచిది, రెండు రోజులకోసారి పోస్తే చాలు" అని ఒకావిడ సంబరంగా చెప్పింది. అది మంచితనం కాదమ్మా, రోగం.

నీళ్లు తాగడం లేదంటే కూలర్‌లో ఎక్కడో పొడి దారి ఉంది. గాలికి తడి గడ్డిలోంచి దూరడం కష్టం, పొడి సందులోంచి దూరడం సులువు. నాలుగు వేళ్ల సందు దొరికినా చాలు, అటే ఎగబడుతుంది. లెక్క చూడండి. బయట నీడలో 42 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం ఉంటే బాగా తడిసిన గడ్డి 28, 29 డిగ్రీల గాలిని ఇవ్వగలదు. అందులో ఐదో వంతు పొడి సందులోంచి 42 డిగ్రీలతోనే వచ్చి కలిస్తే గదిలోకి వచ్చేది 31 దాకా పోతుంది. సందు పెద్దదైతే చెప్పనక్కర్లేదు.

ఈ సందు బయటికి కనపడకపోవడమే అసలు మోసం. అందరూ చెయ్యి పెట్టేది కూలర్ తలుపు (గడ్డి పెట్టే పక్క రేకు) మధ్యలో, అది కూడా బయటి వైపు నుంచి. అక్కడ ఎప్పుడూ తడిగానే ఉంటుంది. పొడి దారి ఉండేది పై అంచున, మూలల్లో, రేకు చట్రం వెనక.

ఇలా చూడండి. ఫ్యాను ఆపి పంపు మాత్రమే పావుగంట నడపండి. ఆపి, ప్లగ్గు పీకి, మూడు తలుపులూ ఊడదీయండి. ఒక్కోదాన్నీ వెలుతురుకు ఎదురుగా నిలబెట్టి లోపలి వైపు నుంచి చూడండి. వెలుతురు చుక్కలు చుక్కలుగా కనపడితే పరవాలేదు. పై అంచున తెల్లగా ఒక పట్టీలా కనపడిందంటే దొంగ దొరికినట్టే. తర్వాత అరచెయ్యి పై నుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా జరపండి. తడిసిన చోట చెయ్యి జిల్లుమంటుంది, తడవని చోట గడ్డి గరగరలాడుతుంది. గరగరలాడే చోటికి సుద్దముక్కతో రేకు మీద గీత పెట్టుకోండి. ఆ గీతలు ఎక్కడ పడ్డాయో చూస్తే కారణం దానంతటదే తెలుస్తుంది.

గీతలన్నీ పై అంచునే ఉంటే గడ్డి జారింది. కొత్త గడ్డి పొడిగా ఉన్నప్పుడు ఉబ్బి నిండుగా కనిపిస్తుంది. ఒక్క రాత్రి తడిస్తే బరువెక్కి కిందికి కూర్చుంటుంది. మార్చినప్పుడు బాగానే ఉంది, మూడో రోజు నుంచి చల్లగా లేదు అనేవాళ్లందరిదీ ఇదే కథ. కొన్న గడ్డంతా ఒకేసారి పెట్టేయకండి, రెండు గుప్పెళ్లు పక్కన ఉంచండి. తలుపులు బిగించి గంటసేపు పంపు నడిపి, ఆపి, మళ్లీ ఊడదీసి, జారిన చోట ఆ గుప్పెళ్లు కూరి, సుతిలితో అడ్డంగా రెండు వరసలు కట్టండి. వట్టివేర్లకూ ఇదే పద్ధతి. మరీ దట్టంగా కుక్కితే గాలే రాదు, అది ఇంకో గొడవ.

గీతలు నిలువు చారల్లా ఉంటే పైన నీళ్లు పారే తొట్టి చిల్లులు పూడుకుపోయాయి. చీపురు పుల్లతో ఒక్కో చిల్లూ పొడవండి. పుల్లకు తెల్లగా గట్టి పెచ్చు అంటుకుని వస్తుంది, అది బోరు నీళ్ల ఉప్పు. పంపు కింది జాలికి గడ్డి పీచు చుట్టుకుందేమో, పైపు ఎక్కడైనా మడత పడిందేమో కూడా అప్పుడే చూసేయండి.

గీతలన్నీ ఒకే పక్కన ఉంటే కూలర్ వాలి ఉంది. దీన్ని ఎవరూ అనుమానించరు. బాల్కనీ అయినా, వరండా అయినా, వాన నీళ్లు బయటికి పోవాలని మేస్త్రీ నేలకు వాలు పెట్టే పోస్తాడు. కిటికీ అవతల ఆ వాలు మీద కూలర్ పెడితే పై తొట్టిలోని నీళ్లన్నీ వీపు వైపే పారతాయి. వెనక తలుపు కారిపోతుంటుంది, పక్క తలుపుల్లో గదికి దగ్గరగా ఉన్న సగం ఎండిపోతుంది. కూలర్ నెత్తిన స్టీలు పళ్లెం పెట్టి అంచుదాకా నీళ్లు పోయండి. ఎటు ఒలికితే అటు కాళ్ల కింద చెక్క ముక్క పెట్టండి. ఊగకుండా చూసుకోండి, ఇంట్లో చిన్నపిల్లలుంటే మరీను.

గడ్డి బదులు తేనెపట్టులా బొరియలుండే హనీకోంబ్ అట్ట ప్యాడ్లు జారవు. వాటికి ఉప్పే శత్రువు. బొరియల్లో తెల్లగా పేరుకుని, పైన నీళ్లు జారిపోతున్నా లోపల అట్ట తడవదు. లీటరు నీళ్లకు రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి, ప్యాడ్‌ను గంటసేపు నానబెట్టి, లోపలి వైపు నుంచి సన్నటి ధారతో కడగండి. వైరు బ్రష్షు, బాత్రూం యాసిడ్ వద్దు. నానబెట్టినా రాయిలా ఉంటే మార్చేయడమే.

ఉప్పు ఎందుకు అంత పేరుకుంటుందంటే, ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. రోజుకో ట్యాంకు చొప్పున వారం పాటు పైపైన నింపుతూ పోతే ఏడు ట్యాంకుల ఉప్పు ఒకే ట్యాంకులో చేరుతుంది. అందుకే వారానికోసారి కింది బిరడా తీసి మొత్తం వదిలేయాలి. నల్లా నీళ్లు అందే ఇళ్లలో కూలర్‌కు అవే పోయండి, బోరు నీళ్లు గిన్నెలు కడగడానికి ఉంచండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. వదిలేసే రోజు శుక్రవారం పెట్టుకుంటే మేలు, మున్సిపాలిటీ వాళ్లు చెప్పే ఫ్రైడే డ్రైడే కూడా అదే. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వారం, పది రోజులు పడుతుంది. గుడ్లు ట్యాంకు గోడకు అంటుకుని ఉంటాయి, కాబట్టి నీళ్లు వదిలాక పీచుతో గోడలు రుద్దాలి.

ఐసు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఒక లీటరు నీళ్లు ఆవిరైతే గాలి నుంచి లాగేసే వేడి, ఒక కిలో ఐసు కరిగితే లాగే వేడికి ఏడింతలు. గడ్డి సరిగ్గా తడుస్తుంటే ఐసు అక్కర్లేదు, తడవకపోతే ఐసు ఆదుకోదు. ఆ ఐసేదో పిల్లలకు నిమ్మరసంలో వేయండి.

గాలే తక్కువగా వస్తుంటే

రెక్కలు నెమ్మదిగా తిరుగుతూ, చేత్తో తోస్తే తప్ప మొదలు కాకపోతే మోటరును తిప్పడానికి సాయపడే కండెన్సర్ పోయింది. పాతదాని మీద ఎంత ఎంఎఫ్‌డీ (దాని సామర్థ్యం కొలత) రాసి ఉందో అంతదే తెచ్చి వేయించండి. "పెద్దది వేస్తే ఇంకా స్పీడు" అనేవాడి మాట వినకండి, మోటరు వేడెక్కి కాలుతుంది. తోసి చూడాలన్నా వేలితో కాదు, చెక్క పుల్లతో.

వాసన వస్తుంటే

కొత్త గడ్డిదైతే రెండు రోజుల్లో పోతుంది. చేపల కంపులా ఉంటే నీళ్లు నిలవున్నాయి, లేదా గడ్డి రోజంతా తడిగానే ఉండి మురిగింది. పొద్దున కూలర్ ఆపే ముందు పంపు ఆపి, ఫ్యాను పావుగంట తిప్పండి. గడ్డి ఆరిపోతుంది, వాసన రాదు. మన దగ్గర ఇంకో బాధ ఉంది. డాబా మీద మిర్చి ఆరబోసి, అదే వైపు కూలర్ వీపు పెట్టుకుంటే ఇంటిల్లిపాదికీ తుమ్ములు, దగ్గులు. దానికి కూలర్‌ను తిట్టకండి.

ముట్టుకుంటే షాక్ కొడితే

ఇక్కడ నేనైనా ఎలక్ట్రీషియన్‌నే పిలుస్తాను. అప్పటిదాకా కూలర్ వాడొద్దు. రేకు కూలర్‌కు మూడు పిన్నుల ప్లగ్గు, పని చేసే ఎర్తింగు ఉండి తీరాలి. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ యాంప్స్ ఆర్‌సీసీబీ పెట్టిస్తే ఇంకా మంచిది. నడుస్తున్న కూలర్‌లో, తడి నేల మీద ఉత్త కాళ్లతో నిలబడి బకెట్‌తో నీళ్లు పోసే అలవాటును ఇంట్లో అందరితోనూ మాన్పించండి.

రాత్రి పదకొండైనా గది వేడి దిగకపోతే

కూలర్ తప్పు కాదు, స్లాబుది. పొద్దంతా తాగిన ఎండను రాత్రి కక్కుతుంది. సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లడం, ఎండలు ముదరకముందే తెల్ల సున్నమో కూల్ రూఫ్ పెయింటో వేయించడం మందు. 2023లో తెలంగాణ రాష్ట్రం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది ఇందుకే. గూన పెంకుల ఇంట్లో ఉన్నవాళ్లకు ఈ తంటా తక్కువ.

అరుదైనవి

వైండింగు చేయించాక ఫ్యాను ఉల్టా తిరగడం, రెక్క బోల్టు వదులు కావడం, ట్యాంకు పగలడం. ఉంటాయి, కానీ పైవన్నీ చూశాకే వీటి జోలికి వెళ్లండి.

జూన్‌లో ఒక్కసారిగా పని చేయడం మానేస్తే

రోహిణి కార్తె దాకా బ్రహ్మాండంగా నడిచిన కూలర్ మిరుగు (మృగశిర కార్తె) రాగానే దండగ అనిపిస్తుంది. ఏమీ పాడవలేదు. 34 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్న రోజున ఎంత మంచి కూలరైనా 30కి కిందకు దించలేదు. పంపు ఆపి ఫ్యానులా వాడుకోండి, వానలు నిలకడగా పడ్డాక మూట కట్టండి. అప్పుడు గడ్డి పారేయాలి, వచ్చే ఏడాదికి దాచొద్దు. పంపును నిమ్మ ఉప్పు నీళ్లలో కాసేపు నడిపి, కడిగి, ఆరబెట్టి, విడిగా సంచిలో కట్టి పెట్టండి. ట్యాంకు పొడిగుడ్డతో తుడిచి, తుప్పు చుక్కలుంటే గీకి రెడ్ ఆక్సైడ్ పూసి, బిరడా తీసే ఉంచి సజ్జ ఎక్కించండి. ఆ బిరడాను దారంతో కూలర్ హ్యాండిల్‌కే కట్టేయండి, లేకపోతే మార్చిలో దాని కోసం ఇల్లంతా వెతకాలి.