ఎండలు ముదరకముందే గినీ పిగ్‌లను కొత్త ఇంటికి చేర్చండి

మార్చి ఆఖరుకల్లా మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకే రకం మెసేజ్‌లు మొదలవుతాయి. బదిలీ అయిందనో, సెలవులకు ఊరెళ్తున్నామనో, పిల్లలకు మోజు తీరిందనో చెప్పి "గినీ పిగ్‌లు ఉన్నాయి, ఎవరైనా తీసుకుంటారా?" అని అడుగుతారు. ఎలుకల కోవకు చెందిన ఈ చిన్న పెంపుడు జంతువులను ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి చేర్చే పని నాలుగైదేళ్లుగా నేను చూస్తున్నాను. హైదరాబాద్ ఎండకీ మన తొందరకీ మధ్య నలిగేది ఆ చిన్న ప్రాణాలే.

మెసేజ్ పెట్టకముందే ఆడో మగో తేల్చుకోండి. ఒకసారి పక్క బ్లాకువాళ్లు "రెండూ ఆడవే, షాపువాళ్లే చెప్పారు" అంటే నేనూ నమ్మేసి పంపించాను. నెలన్నర తిరక్కుండానే తీసుకున్నావిడ ఫోన్ చేసింది. "అక్కా, పొద్దున లేచి చూస్తే పంజరంలో మూడు పిల్లలు! ఒంటినిండా బొచ్చుతో, కళ్లు తెరుచుకుని తిరిగేస్తున్నాయి" అంది. అవి పుట్టడమే అలా పుడతాయి. తల్లి రెండు నెలలకు పైగా మోస్తుంది. పిల్లల్ని పెట్టిన కొన్ని గంటల్లోనే మళ్లీ చూలు నిలవొచ్చు. మగపిల్లలు మూడు వారాలకే, ఆడపిల్లలు నాలుగు వారాలకే ఈడుకొస్తాయి. ఏడెనిమిది నెలలు దాటాక మొదటిసారి చూలు కట్టిన ఆడదానికి కటి ఎముకల కీలు బిగుసుకుపోయి కాన్పు ప్రాణం మీదికి రావచ్చు. అందుకే కుందేళ్లు, గినీ పిగ్‌లను చూసే అలవాటున్న డాక్టరుకు ఒకసారి చూపించండి. ఆ డాక్టరు నంబరు కొత్త ఇంటివాళ్లకూ ఇవ్వండి.

కలిసి పెరిగిన రెండు ఆడవాటిని, లేదా పోట్లాడుకోని రెండు మగవాటిని విడదీసి తలో ఇంటికీ పంచకండి. ఇవి గుంపుగా బతికే జీవాలు. స్విట్జర్లాండ్‌లో 2008 నుంచి గినీ పిగ్‌ను ఒంటరిగా పెంచడం చట్టమే ఒప్పుకోదు. "మాకు ఒక్కటి చాలండీ" అన్నవాళ్లకు నేను ఇవ్వను. తోడుగా కుందేలు ఉందిగా అన్నా సరే ఇవ్వను. కుందేళ్లలో పైకి కనబడకుండా ఉండే బోర్డెటెల్లా అనే సూక్ష్మజీవి వీటికి న్యుమోనియా తెస్తుంది.

ఇక ఎండ. వీటికి చెమట పట్టదు. ఇరవై ఆరు, ఇరవై ఏడు డిగ్రీలు దాటితేనే ఇబ్బంది మొదలవుతుంది, మనకేమో ఏప్రిల్, మేల్లో నలభై. మార్చాల్సివస్తే తెల్లారుజామున మార్చండి. స్కూటీ మీద అట్టపెట్టెలో పెట్టుకుని బయల్దేరొద్దు. కారైతే ఏసీ వేసి చల్లబడ్డాకే ఎక్కించండి, ఆపిన కారులో రెండు నిమిషాలైనా వదలొద్దు. బుట్టలో ఎండుగడ్డి, నాలుగు కీరా ముక్కలు వేయండి. కొత్త ఇంట్లో పంజరం బాల్కనీలో పెడతామంటే ఒప్పుకోకండి. గడ్డకట్టించిన నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పంజరంలో ఒక మూల పెడితే దానికానుకుని పడుకుంటాయి. చతికిలబడి, చొంగ కారుస్తూ ఎగశ్వాస తీస్తోందంటే వడదెబ్బే. చల్లటి గదిలోకి తెచ్చి చెవులు, పాదాలు తడిగుడ్డతో తుడుస్తూ డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. ఐసునీళ్లలో మాత్రం ముంచకూడదు.

తిండి మాట కాగితం మీద రాసి మరీ ఇవ్వండి. మనలాగే వీటి ఒంట్లోనూ విటమిన్ సి తయారవదు. రోజూ ఒక క్యాప్సికం ముక్క, కాస్త కొత్తిమీర తప్పనిసరి. పొట్టకు ప్రధానం మాత్రం గడ్డే. కడిగిన గరిక దివ్యంగా తింటాయి, కానీ కుక్కలు తిరిగే రోడ్డు పక్కదీ మందు కొట్టిందీ కోయొద్దు. పాలకూర రోజూ పెడితే మూత్రంలో రాళ్లు పడొచ్చు. అన్నం, రొట్టె, పాలు, ఉల్లి, బంగాళాదుంప వద్దే వద్దు. తింటున్న పెల్లెట్లు (గుళికల్లా ఉండే షాపు మేత) పది రోజులకు సరిపడా మీరే పంపండి. ఒక పూట తిండి ముట్టకపోతే రేపు చూద్దాంలే అనుకోకూడదు, పేగుల కదలిక ఆగిపోవచ్చు. ఇంట్లో మిగిలిన అమాక్సిసిలిన్ లాంటి యాంటీబయాటిక్ మందు నోట్లో పోస్తే ప్రాణమే పోవచ్చు.

ఇచ్చేముందు ఇల్లు చూసి రండి. సంక్రాంతికి ఊరెళ్తే ఎవరు చూస్తారో, ఇంట్లో పిల్లి ఉందో లేదో, ఎత్తుకునే పిల్లలు ఎంత వయసువాళ్లో అడగండి. చేతుల్లోంచి జారిపడితే కాళ్లు విరుగుతాయి. పూర్తిగా ఉచితం అనకండి, పంజరానికైనా కొంత తీసుకోండి. పిల్లలు పెట్టించి అమ్ముకునేవాళ్లు ఉచితమంటేనే ముందుకొస్తారు. ఎవరూ దొరకలేదని పార్కులో వదిలేస్తే ఒక్క రాత్రి కూడా బతకవు. తిండీ నీళ్లూ లేక అల్లాడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

పాత పంజరంలో పరిచిన గుడ్డను ఉతక్కుండా అలాగే పంపండి. మొదటి రెండు రోజులు దాని కిందే నక్కి, ముక్కు మాత్రం కదుపుతూ కూర్చుంటాయి. ఎత్తుకోబోకండి, పక్కన కూర్చుని మాట్లాడండి. మొన్న పంపిన జంట మూడో రోజు సాయంత్రం ఫ్రిజ్ తలుపు చప్పుడుకి ఒక్కసారిగా వీక్ వీక్ మని అరిచాయట. ఆ వీడియో నాకు పంపారు. వంటింటి త్రాసులో వారం వారం తూచి ఆ బరువు కూడా పంపమన్నాను. కుదరకపోతే ఇంకెవరికో ఇవ్వకుండా తిరిగి నాకే ఇవ్వాలని తీసుకున్న రోజే మాట తీసుకున్నాను. మీరూ తీసుకోండి.