హైదరాబాద్ యాత్రలో చివరి రోజు: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

రెండు మూడు రోజుల కోసం హైదరాబాద్ చూడడానికి వచ్చిన కుటుంబాలకు మొదటి రోజులు సాఫీగానే గడుస్తాయి. ఇబ్బందులు ఎక్కువగా రాత్రికి రైలెక్కవలసిన చివరి రోజునే ఎదురవుతాయి. వాటిలో చాలావాటికి కారణం అంతకు ముందురోజో, టికెట్ తీసుకున్న రోజో ఏర్పడి ఉంటుంది కనుక, ఇక్కడ చెప్పిన పరిష్కారాలను కూడా ముందుగానే అమలు చేయాలి.

సమస్య: చూడాలనుకున్న చోటికి వెళ్లేసరికి గేటు మూసి ఉంది.

కారణం వారపు సెలవు. సాలార్‌జంగ్ మ్యూజియానికీ చౌమహల్లా ప్యాలెస్‌కూ శుక్రవారం, జూపార్కుకు సోమవారం సెలవు. పాతబస్తీ అంతా ఒకేసారి చూడవచ్చునని చివరి రోజుకు అట్టిపెట్టుకుంటే, ఆ రోజు శుక్రవారమైనప్పుడు రెండు ముఖ్యమైన చోట్లు ఒక్కసారే చేజారిపోతాయి. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే బొమ్మ ఉన్న గడియారాన్ని చూడాలని ఏళ్ల తరబడి కోరుకున్న మా అమ్మను నేను శుక్రవారం నాడే తీసుకువెళ్లాను. ఆ రాత్రికే మా రైలు. మూసిన గేటు ముందు ఆవిడ ఏమీ అనకుండా నిలబడడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

పరిష్కారం: మీ యాత్రలో శుక్రవారం ఉంటే ఆ రోజును గోల్కొండకు కేటాయించి, మ్యూజియాన్ని మరో రోజుకు మార్చండి. కోటలో అన్నిటికన్నా పైనున్న బాలాహిస్సార్ వరకు వందల మెట్లు ఎక్కాలి కనుక, పెద్దవాళ్లు ఉంటే ఎండ ముదరకముందే వెళ్లడం మేలు. మక్కా మసీదులో శుక్రవారం మధ్యాహ్నం సామూహిక నమాజు జరుగుతుంది కనుక, ఆ వేళ చార్మినార్ దారులు కిక్కిరిసి ఉంటాయి. మ్యూజియానికి వెళ్లిన రోజున గంట కొట్టే సమయానికి పావుగంట ముందే గడియారం దగ్గర కూర్చోండి. ఆ తరువాత, పాలరాతిలోనే పలుచని మేలిముసుగును మలిచిన 1876 నాటి రెబెక్కా శిల్పాన్ని తీరికగా చూడండి.

సమస్య: గది ఖాళీ చేశాక సామాను మోసుకుని తిరగవలసి వస్తోంది.

కొన్ని లాడ్జీలు గదిలో దిగిన గంట నుంచి 24 గంటలు లెక్కిస్తే, కొన్ని మధ్యాహ్నం 12 గంటలకే ఖాళీ చేయమంటాయి. దిగేటప్పుడే ఈ సంగతి అడిగి, సాయంత్రం దాకా సామాను రిసెప్షన్‌లో ఉంచుతారేమో కనుక్కోండి. అలా వీలుకాకపోతే రైల్వే క్లోక్‌రూమ్ ఉంది. అక్కడ తాళం లేని సంచులు తీసుకోరు కనుక, ఊరి నుంచి బయలుదేరేటప్పుడే రెండు చిన్న తాళాలు వెంట తెచ్చుకోండి.

సమస్య: సమయానికే స్టేషన్‌కు చేరినా రైలు అక్కడ లేదు.

దీనికి రెండు కారణాలు ఉంటాయి. మొదటిది స్టేషన్ పేరు. టికెట్ మీద హైదరాబాద్ అని ఉంటే అది నాంపల్లి స్టేషన్. సికింద్రాబాద్, కాచిగూడ, లింగంపల్లి, చర్లపల్లి వేర్వేరు స్టేషన్లు, పైగా సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణం వల్ల కొన్ని రైళ్లను చర్లపల్లికి మార్చారు. అందుచేత పాత అలవాటును నమ్ముకోకుండా, ప్రయాణానికి ముందురోజు రైలు ఎక్కడి నుంచి బయలుదేరుతుందో మళ్లీ సరిచూసుకోవాలి. రెండవ కారణం తేదీ, ఇది మరింత ప్రమాదకరమైనది. 15వ తేదీ 00.20 అని ఉన్న టికెట్‌కు 14వ తేదీ రాత్రే స్టేషన్‌లో ఉండాలి. 15 రాత్రికి వెళ్తే రైలు వెళ్లిపోయి దాదాపు ఒక రోజవుతుంది, టికెట్ డబ్బు కూడా పోతుంది. టికెట్ చేతికి రాగానే బయలుదేరవలసిన రాత్రి ఏ రోజుదో దాని మీద పెన్నుతో రాసి పెట్టుకోండి.

సమస్య: చార్మినార్ పక్కనున్న లాడ్ బజార్‌లో గాజులు కొని బయటపడేసరికి ట్రాఫిక్‌లో చిక్కుకుపోయాం.

చార్మినార్ దగ్గర మెట్రో స్టేషన్ లేదు. అందువల్ల చాలామంది సికింద్రాబాద్ దాకా ఆటో మాట్లాడుకుని, సాయంత్రపు రద్దీలో ఇరుక్కుంటారు. ఆటోలో ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్‌స్టేషన్) వరకు మాత్రమే వెళ్లి మెట్రో ఎక్కండి. అక్కడి నుంచి గ్రీన్ లైన్ నేరుగా సికింద్రాబాద్ వెస్ట్‌కు, మియాపూర్ వైపు వెళ్లే రెడ్ లైన్ నాంపల్లికి చేరుస్తాయి, రైలు మారే పని లేదు. కాచిగూడ అయితే చార్మినార్‌కు దగ్గరే కనుక ఆటో చాలు.

శంషాబాద్ విమానాశ్రయానికి మెట్రో లేదు, ఆర్టీసీ పుష్పక్ బస్సులు ఉన్నాయి. విమానంలో వెళ్లేవారు నూనె ఊరే పచ్చళ్లను చేతిసంచిలో పెట్టుకోకుండా, గట్టిగా మూతబిగించి చెక్-ఇన్ సామానులో సర్దుకోవాలి.