పాత పంక్ బ్యాండ్ కచేరీకి వెళ్తున్నారా? చెవులు జాగ్రత్త

1976-77లో లండన్, మాంచెస్టర్ క్లబ్బుల్లో పంక్ పేరుతో, అంటే వేగంగా బిగ్గరగా వాయించే రాక్ సంగీతంతో, పేరు తెచ్చుకున్న బ్యాండ్లు కొన్ని ఇప్పటికీ బ్రిటన్‌లో ఊరూరా వాయిస్తున్నాయి. వేదిక మీద ఉన్నవాళ్లు డెబ్బైకి అటూ ఇటూ. కింద నిలబడ్డవాళ్లలోనూ నెరిసిన తలలే ఎక్కువ. అది చూసి కచేరీ కూడా నింపాదిగా సాగుతుందనుకోకండి. మనుషులకు వయసొచ్చింది గానీ యాంప్లిఫయర్లకు రాలేదు.

టికెట్టు కొనే ముందు పోస్టరు మీది పేరుతో సరిపెట్టుకోకుండా, వాయించేది ఎవరో చూడండి. బజ్‌కాక్స్ గాయకుడు పీట్ షెల్లీ 2018లో చనిపోయారు. 1976 నుంచీ ఆ బ్యాండులో ఉన్న స్టీవ్ డిగిల్ ఇప్పుడు పాడుతున్నారు. స్ట్రాంగ్లర్స్ తొలి సభ్యుల్లో ఇంకా ఆ బ్యాండులో మిగిలింది బేస్ వాయించే జె.జె. బర్నెల్ ఒక్కరే. వారి ప్రసిద్ధమైన పాటలు చాలావాటికి గొంతు ఇచ్చిన హ్యూ కార్న్‌వెల్ 1990లోనే విడిపోయి వేరుగా కచేరీలు చేసుకుంటున్నారు. సెక్స్ పిస్టల్స్ అయితే 2024లో తమ తొలి గాయకుడు జాన్ లైడన్ లేకుండా, ఫ్రాంక్ కార్టర్ అనే తర్వాతి తరం గాయకుడితో వేదికెక్కింది. గాయకుడు మారితే అది మోసమని నేననను. డిగిల్‌కు ఆ పాటల మీద హక్కు లేదని ఎవరు చెప్పగలరు? షెల్లీ గొంతు కోసమే డబ్బు పెడుతుంటే మాత్రం ఆగి ఆలోచించుకోండి. ఈ వయసు కళాకారుల కచేరీలు అనారోగ్యం వల్ల వాయిదా పడడం మామూలే. టికెట్టు డబ్బు తిరిగి వచ్చినా రైలు ఖర్చు, హోటలు అద్దె రావు. రద్దు చేసుకునే వీలున్న గదే తీసుకోండి.

ఇక చెవులు. అసలు ప్రమాదం ఇక్కడే. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటలు భరించవచ్చని ఒక లెక్క. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 88కి నాలుగు గంటలు, 91కి రెండు, అలా 100 దగ్గరికి వచ్చేసరికి మిగిలేది పదిహేను నిమిషాలే. కచేరీ హాళ్లలో సగటు శబ్దం 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. ఆ హద్దులోనే ఉన్నా, గంటన్నర కచేరీకి ఖాళీ చెవులతో నిలబడితే ఏమవుతుందో మీరే లెక్క వేసుకోండి. మన ఇళ్లలో అలవాటైన దూది ఉండ ఇక్కడ దాదాపు దండగ. నురుగు ఇయర్ ప్లగ్గును సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి లోపలికి పెట్టి, అది ఉబ్బేదాకా అరనిమిషం వేలితో నొక్కి ఉంచండి. వీటితో పాట కాస్త స్పష్టత తగ్గి, మూసుకుపోయినట్టు వినిపిస్తుంది. అది నచ్చనివారికి పాట అంతగా చెడకుండా శబ్దాన్ని తగ్గించే, సంగీతకారులు వాడే ఫిల్టరు ప్లగ్గులు దొరుకుతాయి. స్పీకర్ల ముందు చోటు ఖాళీగా కనిపించినా అక్కడికి పోవద్దు. సౌండ్ ఇంజినీరు కూర్చునే బల్ల దగ్గర నిలబడితే పాట అన్నిచోట్లకన్నా చక్కగా వినిపిస్తుంది.

వేదికకు ఎదురుగా మధ్యలో గెంతుతూ గుద్దుకునే గుంపు ఒకటి తయారవుతుంది. పడిపోయినవారిని పక్కవాళ్లే లేపుతారు, గుంపులో అది అలిఖిత నియమం. అయినా కళ్లద్దాలు, గొలుసులు, వేలాడే చున్నీ అక్కడికి వద్దు. బూట్ల తాళ్లు గట్టిగా బిగించండి. జనం ఒత్తుకొస్తే చేతులు ఛాతీ ముందు అడ్డుపెట్టుకుని, ఎదురీదకుండా ఐమూలగా పక్కకు జరగండి. గుండె జబ్బు, మోకాళ్ల నొప్పి ఉన్నవారు బాల్కనీ సీటు తీసుకోవడంలో నామోషీ లేదు. అన్నట్టు, ఆ రోజుల్లో ప్రేక్షకులు బ్యాండు మీద ఉమ్మేవారు. ఆ అలవాటు ఎప్పుడో పోయింది కాబట్టి నిశ్చింతగా వెళ్లండి.

తలుపులు ఏడింటికి తెరుస్తారంటే బ్యాండు ఏడింటికి వస్తుందని కాదు. ముందు ఒకటి రెండు చిన్న బ్యాండ్లు వాయిస్తాయి. కడుపులో ఏదైనా వేసుకునే వెళ్లండి, మధ్యలో మంచినీళ్లు తాగండి. ఆఖరి రైలు ఎన్నింటికో ముందే చూసుకోండి.

ఇంటికి చేరాక చెవుల్లో హోరు వినిపించవచ్చు. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది; ఆ రోజుల్లో ఇంకో కచేరీ గానీ, హెడ్‌ఫోన్లు గానీ పెట్టుకోకండి. అప్పటికీ తగ్గకపోయినా, ఒక చెవి ఉన్నట్టుండి మూసుకుపోయినట్టనిపించినా వెంటనే చెవి వైద్యుడిని కలవండి.