టీఎన్‌ఎఫ్ సంకేతాన్ని కణంలో చదవడం: హీలా ప్లేట్ నుంచి బ్లాట్ దాకా

హీలా (మనిషి గర్భాశయ ముఖ కేన్సర్) సెల్స్ మీద టీఎన్‌ఎఫ్ (ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్ అనే సంకేత ప్రోటీన్) ఒక్కటే పోసి, 24 గంటలాగి ఎంటీటీ (సెల్స్ జీవక్రియను రంగుతో కొలిచే పరీక్ష) పెట్టి, సెల్స్ చావలేదని ప్రోటీన్‌ను అనుమానించడం పీజీ ప్రాజెక్టుల్లో తరచూ జరిగేదే. ప్రోటీన్ నిక్షేపంగానే ఉంటుంది. 1975లో ఎలుకల్లో కణితుల్ని కుళ్లబెట్టే పదార్థంగా టీఎన్‌ఎఫ్ బయటపడ్డ మాట నిజమే గానీ, చాలా రకాల సెల్స్‌కు అది ముందుగా చెప్పేది బతకమనే. ఆ మాటను మధ్యలో ఎక్కడైనా తెంపితేనే చావు దారి తెరుచుకుంటుంది. కాబట్టి ప్లేట్ ముందు కూర్చునే ముందే రెండు తేల్చుకోవాలి: ఏ నిమిషంలో చూస్తున్నాం, ఏ మెట్టు దగ్గర తెంపుతున్నాం. వరంగల్, హనుమకొండ, కరీంనగర్ వైపు ల్యాబుల్లో ఒక ఇంక్యుబేటర్, ఒక హుడ్, బ్లాటింగ్ సెట్టు (ప్రోటీన్లను బరువును బట్టి విడదీసి యాంటీబాడీతో చూపేది) ఉంటే చాలు, ఈ పని అయిపోతుంది.

రిసెప్టర్ కింద జరిగేది

మనిషి టీఎన్‌ఎఫ్ మొదట 233 అమైనో ఆమ్లాల గొలుసుగా, 26 కిలోడాల్టన్ల బరువుతో కణ పొరకు గుచ్చుకుని పుడుతుంది. టేస్ అనే ఎంజైమ్ దాన్ని కోస్తే 157 అమైనో ఆమ్లాల, 17 కిలోడాల్టన్ల ముక్క బయటికి ఊడి వస్తుంది. పనిచేసేది మాత్రం మూడు ముక్కలు కలిసిన ట్రైమరే. వేయిస్తంభాల గుడిలో మూడు గర్భగుళ్లు ఒకే మండపానికి ముఖం పెట్టినట్టు, మూడు రిసెప్టర్లు ఒకే ట్రైమర్‌ను మూడు వైపుల నుంచి పట్టుకుంటాయి; రెండు ముక్కల మధ్యనున్న గాడిలో ఒక్కో రిసెప్టర్ సర్దుకుంటుంది. ఈ నిర్మాణానికి ల్యాబ్‌లో నేరుగా పని ఉంది. బాగా పలచన చేసి ఉంచిన టీఎన్‌ఎఫ్‌లో ట్రైమర్లు విడిపోతాయి, మిగిలింది ట్యూబు గోడకు అంటుకుంటుంది. అందుకే స్టాక్‌లో 0.1 శాతం బీఎస్‌ఏ (పశువుల సీరం ఆల్బుమిన్) ఉండాలి.

రిసెప్టర్లు రెండు. టీఎన్‌ఎఫ్‌ఆర్1 దాదాపు అన్ని కణాల మీదా ఉంటుంది, దాని లోపలి తోకలో డెత్ డొమైన్ (చావు సంకేతపు ప్రోటీన్లు అతుక్కునే భాగం) ఉంది. టీఎన్‌ఎఫ్‌ఆర్2 ప్రధానంగా రోగనిరోధక కణాల మీదా, రక్తనాళాల లోపలి పొర మీదా ఉంటుంది. దానికి డెత్ డొమైన్ లేదు.

టీఎన్‌ఎఫ్‌ఆర్1కు ట్రైమర్ తగిలిన కొద్ది నిమిషాల్లోనే ట్రాడ్, రిప్‌కె1 అనే ప్రోటీన్లు వచ్చి డెత్ డొమైన్‌ను పట్టుకుంటాయి. వాటి వెంట ట్రాఫ్2, సీఐఏపీ1, సీఐఏపీ2 వస్తాయి. సీఐఏపీలు రిప్‌కె1 మీద యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్‌తో గొలుసులు కడతాయి, ల్యూబాక్ అనే ఎంజైమ్ గుంపు వచ్చి వాటికి తిన్నటి (లీనియర్) గొలుసులు జోడిస్తుంది. ఈ గొలుసులకు వేలాడుతూ ఒకవైపు టాక్1, మరోవైపు నీమోతో కూడిన ఐకేకే అనే కైనేజ్‌లు (ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్‌లు) పక్కపక్కకు చేరతాయి. టాక్1 ఐకేకేను లేపుతుంది. ఐకేకే ఐకప్పాబి-ఆల్ఫా మీద 32, 36వ సెరీన్ల దగ్గర ఫాస్ఫేట్ తగిలిస్తుంది. ప్రోటీన్లను ముక్కలు చేసే ప్రోటియాసోమ్ దాన్ని మింగేస్తుంది. అప్పటిదాకా ఐకప్పాబి-ఆల్ఫా బంధించి ఉంచిన ఎన్‌ఎఫ్-కప్పాబి, అంటే పీ65-పీ50 జంట, కేంద్రకంలోకి వెళ్లి జన్యువుల్ని నడిపిస్తుంది. ఐఎల్-6, ఐఎల్-8 అనే వాపు సంకేతాలు తయారవుతాయి. వాటితోపాటు సీఫ్లిప్ అనే కాపలా ప్రోటీన్, ఏ20 అనే బ్రేకు, మాయమైన ఐకప్పాబి-ఆల్ఫా కూడా మళ్లీ తయారవుతాయి. పొర దగ్గర ఉండే ఈ గుంపును కాంప్లెక్స్ 1 అంటారు. తర్వాత సైటోప్లాజంలో ఫాడ్ అనే ప్రోటీన్‌తో, కాస్పేజ్-8 అనే చావు మొదలుపెట్టే కోత ఎంజైమ్‌తో కట్టుకునేది కాంప్లెక్స్ 2. ఇవి రెండూ వేర్వేరు దశలని 2003లో తేలింది. సీఫ్లిప్ సరిపడా ఉంటే కాంప్లెక్స్ 2 ఏర్పడినా కాస్పేజ్-8 పూర్తిగా తెగబడలేదు.

సామాను తెచ్చుకునేటప్పుడు

సెల్ లైన్లు పుణెలోని ఎన్‌సీసీఎస్ (జాతీయ కణ విజ్ఞాన కేంద్రం) నుంచి తెప్పించుకోవచ్చు. ఫ్లాస్క్ రాగానే పాసేజ్ (కొత్త ఫ్లాస్క్‌కు మార్చడం) చేయకండి. మూత వదులు చేసి ఒక రాత్రి ఇంక్యుబేటర్‌లో ఉంచి, తర్వాత మైకోప్లాస్మా (కల్చర్లలో దాగే చిన్న బ్యాక్టీరియా) పరీక్ష చేయండి. మైకోప్లాస్మా ఉన్న సెల్స్‌లో టీఎన్‌ఎఫ్ వేయకముందే ఎన్‌ఎఫ్-కప్పాబి లేచి ఉండవచ్చు. అప్పుడు మీ సున్నా నిమిషం సున్నా కానే కాదు.

రీకాంబినెంట్ టీఎన్‌ఎఫ్‌ను పొడిగానే ఆర్డర్ చేయడం మంచిది. హైదరాబాద్ దాకా వచ్చిన పార్శిల్ వరంగల్ చేరేసరికి ఎండాకాలంలో ఐస్ ప్యాకులు నీళ్లయిపోతాయి. పొడి ఆ ప్రయాణాన్ని తట్టుకుంటుంది, ద్రావణం తట్టుకోకపోవచ్చు. వయల్ తెరిచే ముందు ఒక్కసారి స్పిన్ చేయండి, పొడి మూతకు అంటుకుని ఉంటుంది. 10 మైక్రోగ్రాముల వయల్‌కు 0.1 శాతం బీఎస్‌ఏ కలిపిన స్టెరైల్ పీబీఎస్ (ఫాస్ఫేట్ బఫర్ ఉప్పునీరు) 100 మైక్రోలీటర్లు పోస్తే మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల స్టాక్. 5 మైక్రోలీటర్ల చొప్పున పంచి మైనస్ 80లో పెట్టండి. ఒకసారి కరిగించిన ట్యూబును మళ్లీ గడ్డకట్టించవద్దు. కరెంటు పోయే చోట ఫ్రీజర్ బ్యాకప్ మీద నమ్మకం లేకపోతే సగం ట్యూబులు ఇంకో డిపార్ట్‌మెంట్ ఫ్రీజర్‌లో దాచుకోవడం తెలివైన పని.

మొదటి ప్రయోగం: ఐకప్పాబి పోవడం, తిరిగి రావడం

ముందురోజు సాయంత్రం 35 మి.మీ. డిష్‌లు ఆరింటిలో ఒక్కోదానికి 3 లక్షల హీలా సెల్స్, 2 మి.లీ. మీడియంలో వేయండి. 6 వెల్ ప్లేట్ కంటే విడి డిష్‌లే మేలు. ప్లేట్ అయితే ఒక వెల్‌లో టీఎన్‌ఎఫ్ వేసిన ప్రతిసారీ మిగతా ఐదూ ఇంక్యుబేటర్ బయటికి రావాల్సిందే.

సమయాలు 0, 5, 15, 30, 60, 120 నిమిషాలు. వెనక నుంచి వేసుకుంటూ రండి: ముందు 120వ డిష్‌లో, గంట తర్వాత 60లో, ఇంకో అరగంటకు 30లో, 105వ నిమిషంలో 15లో, 115వ నిమిషంలో 5లో. 120వ నిమిషంలో ఆరూ ఒకేసారి ఐస్ మీదికి వస్తాయి. స్టాక్‌ను మీడియంలో వందరెట్లు పలచన చేస్తే మైక్రోలీటరుకు 1 నానోగ్రాము. డిష్‌కు 20 మైక్రోలీటర్లు వేస్తే మి.లీ.కి 10 నానోగ్రాములు. సున్నా డిష్‌లో టీఎన్‌ఎఫ్ లేని అదే బీఎస్‌ఏ-మీడియం 20 మైక్రోలీటర్లు వేయాలి. పాత మీడియం తీసి కొత్తది పోయవద్దు, అది కూడా సెల్స్‌ను కదిలిస్తుంది.

ఆపడం త్వరగా జరగాలి. మీడియం పీల్చేసి, ఐస్‌లో చల్లబరిచిన పీబీఎస్‌తో రెండుసార్లు కడిగి, డిష్‌కు 120 మైక్రోలీటర్ల రిపా బఫర్ (సెల్స్‌ను కరిగించే ద్రావణం) పోసి గీకండి. బఫర్‌లో ప్రోటియేజ్ ఇన్హిబిటర్లతోపాటు సోడియం ఫ్లోరైడ్, 1 మిల్లీమోలార్ ఆర్థోవనడేట్ ఉండాలి. లేకపోతే ఫాస్ఫేట్లు మీ చేతిలోనే ఊడిపోతాయి. 4 డిగ్రీల దగ్గర 14,000 జీలో 10 నిమిషాలు తిప్పండి. జీ, ఆర్‌పీఎం ఒకటి కాదు. రోటర్ సైజు చూసి లెక్కగట్టుకోండి.

లేనుకు 25 మైక్రోగ్రాముల ప్రోటీన్, 10 శాతం జెల్. ఫాస్ఫో యాంటీబాడీలకు (ఫాస్ఫేట్ తగిలిన రూపాన్నే పట్టేవాటికి) పాలపొడి కాకుండా 5 శాతం బీఎస్‌ఏతో బ్లాక్ చేయండి. పాలల్లోని కేసీన్‌కే ఫాస్ఫేట్లు ఉంటాయి కాబట్టి బ్యాక్‌గ్రౌండ్ పెరుగుతుంది. ప్రోటోకాల్‌లో గది ఉష్ణోగ్రత అని ఉంటే దాని అర్థం 20 నుంచి 25 డిగ్రీలు. మే నెలలో ఏసీ లేని వరంగల్ ల్యాబ్‌లో సెకండరీ యాంటీబాడీని గంటసేపు బల్ల మీద ఊపితే బ్లాట్ పొర నల్లబడి వస్తుంది. ఆ నెలల్లో ఈ మెట్టు కూడా ఏసీ గదిలోకి మార్చండి.

కనిపించాల్సింది ఇది. 39 కిలోడాల్టన్ల దగ్గర ఐకప్పాబి-ఆల్ఫా బ్యాండ్ 0 దగ్గర లావుగా, 5 దగ్గర కాస్త పలచగా, 15 దగ్గర దాదాపు లేకుండా ఉంటుంది. 30 దగ్గర ఖాళీగా గానీ అప్పుడప్పుడే తేలుతూ గానీ ఉంటుంది, 60కి తిరిగొస్తుంది. ఫాస్ఫో పీ65, ఫాస్ఫో జేఎన్‌కే (మరో కైనేజ్) 5 నుంచి 15 నిమిషాల మధ్య లేచి, గంటకల్లా బాగా తగ్గుతాయి. 0, 60 నిమిషాలే చూసినవాళ్లకు రెండు లేన్లూ ఒకేలా కనిపించి, టీఎన్‌ఎఫ్ పనిచేయలేదనిపిస్తుంది. లోడింగ్ కంట్రోల్‌కు గ్యాప్‌డీహెచ్ వాడకండి. అది 37 దగ్గర, ఐకప్పాబి పక్కనే వస్తుంది. సరిగా స్ట్రిప్ కాని పొర మీద ఏది ఏదో తెలియదు. 50 దగ్గర వచ్చే ట్యూబులిన్ వాడండి.

15వ నిమిషంలో కూడా బ్యాండ్ తగ్గకపోతే ముందు టీఎన్‌ఎఫ్ స్టాక్‌ను అనుమానించండి, తర్వాత సెల్స్ పాసేజ్ సంఖ్యను. మాక్రోఫేజ్‌లలో చేస్తుంటే మరో చిక్కుంది: టీఎన్‌ఎఫ్‌లో ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా గోడ విషం) కలిసి ఉంటే అది కూడా ఇదే బ్లాట్‌ను ఇస్తుంది. ఒక ట్యూబు టీఎన్‌ఎఫ్‌ను 95 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు మరిగించి వేయండి. మరిగించినా సంకేతం వస్తే అది ఎండోటాక్సిన్ పనే, ఎందుకంటే ఆ వేడికి టీఎన్‌ఎఫ్ చెడిపోతుంది, ఎండోటాక్సిన్ చెడిపోదు.

చావు దారి తెరవడం

ఇప్పుడు తెంపాలి. సులువైన, చవకైన పద్ధతి సైక్లోహెక్సిమైడ్. మి.లీ.కి 10 మైక్రోగ్రాములు, టీఎన్‌ఎఫ్‌కు అరగంట ముందు. కొత్త ప్రోటీన్ తయారీ ఆగిపోతుంది, తక్కువ ఆయుష్షున్న సీఫ్లిప్ గంటల్లో అడుగంటుతుంది, కాస్పేజ్-8కు కాపలా పోతుంది. మందు అసలు పనిచేస్తోందా అని తెలుసుకోవడానికి పై బ్లాటే పనికొస్తుంది: సైక్లోహెక్సిమైడ్ ఉన్న డిష్‌లో 60వ నిమిషంలో ఐకప్పాబి తిరిగి రాకూడదు. వచ్చిందంటే మందు పాతది.

నాలుగు డిష్‌లు తప్పనిసరి: ఏదీ లేనిది, టీఎన్‌ఎఫ్ ఒక్కటే, సైక్లోహెక్సిమైడ్ ఒక్కటే, రెండూ కలిపి. 4 నుంచి 6 గంటలకు సెల్స్‌ను సేకరించండి. 24 గంటలుంచితే సైక్లోహెక్సిమైడ్ ఒక్కటే చంపేస్తుంది, అప్పుడు చెప్పుకోవడానికేం మిగలదు. పార్ప్ (కాస్పేజ్‌లు కోసే ప్రోటీన్) 116 నుంచి 89 కిలోడాల్టన్లకు దిగడం, కాస్పేజ్-3 ముక్కలు 17, 19 దగ్గర తేలడం చూడాలి. తేలిపోయిన సెల్స్‌ను మీడియంతోపాటు పారబోయకండి, చచ్చినవి అక్కడే ఉంటాయి. ఆ మీడియం స్పిన్ చేసి పెల్లెట్‌ను లైసేట్‌లో కలపండి.

రెండో పద్ధతి స్మాక్ మిమెటిక్, ఉదాహరణకు బిరినాపాంట్. ఇది సీఐఏపీలను మాయం చేస్తుంది, రిప్‌కె1 మీద గొలుసులు కట్టే చేయి పోతుంది, రిప్‌కె1 తానే కాస్పేజ్-8తో జతకడుతుంది. రెండింటికీ తేడా నెక్రోస్టాటిన్-1ఎస్‌తో తెలుస్తుంది. అది రిప్‌కె1 కైనేజ్‌ను ఆపుతుంది కాబట్టి స్మాక్ మిమెటిక్ చావును ఆపుతుంది, సైక్లోహెక్సిమైడ్ చావును పెద్దగా కదిలించదు. ఈ ఒక్క పోలిక ప్రాజెక్టు రిపోర్టులో పది ఎంటీటీ గ్రాఫుల కంటే విలువైనది. ఎంటీటీ కొలిచేది సెల్ జీవక్రియను. సెల్ చచ్చిందా, పెరగడం ఆపిందా అన్నది అది చెప్పలేదు. ఎస్ లేని పాత నెక్రోస్టాటిన్-1 ఐడీఓ అనే ఎంజైమ్‌ను కూడా ఆపుతుంది కనుక 1ఎస్‌నే అడిగి తెప్పించుకోండి.

నెక్రోప్టోసిస్ (కాస్పేజ్‌లు లేకుండా కణం పగిలి చావడం) చూడాలంటే హీలా పనికిరాదు, వాటిలో దానికి కావాల్సిన రిప్‌కె3 దాదాపు ఉండదు. హెచ్‌టీ-29 (మనిషి పెద్దపేగు కేన్సర్) సెల్స్ తీసుకోండి. టీఎన్‌ఎఫ్ మి.లీ.కి 20 నానోగ్రాములు, స్మాక్ మిమెటిక్, 20 మైక్రోమోలార్ జడ్‌వాడ్ (కాస్పేజ్‌లను ఆపే మందు) కలిపి వేయండి. జడ్‌వాడ్‌ను మిగతా రెండింటికంటే ముందే వేయాలి, ఆలస్యమైతే కాస్పేజ్‌లు పని మొదలుపెట్టేస్తాయి. ఫాస్ఫో ఎంఎల్‌కేఎల్ (కణ పొరను పగలగొట్టే ప్రోటీన్) బ్యాండే ఇక్కడ సాక్ష్యం. అనెక్సిన్ (చస్తున్న సెల్ పొరకు అతుక్కునే ప్రోటీన్) మాత్రమే చూసి అపోప్టోసిస్ (కాస్పేజ్‌లతో జరిగే చావు) అని రాయకండి, నెక్రోప్టోసిస్‌లోనూ సెల్స్ అనెక్సిన్ పట్టుకుంటాయి. నెక్రోసల్ఫొనమైడ్‌తో చావు ఆగుతుందో లేదో కూడా చూడండి, కానీ అది మనిషి ఎంఎల్‌కేఎల్ మీదే పనిచేస్తుంది, ఎల్929 లాంటి ఎలుక సెల్స్ మీద వృథా.

ఎలుక సెల్స్ అంటే ఇంకో మాట. మనిషి టీఎన్‌ఎఫ్ ఎలుక టీఎన్‌ఎఫ్‌ఆర్1ను పట్టుకుంటుంది గానీ ఎలుక టీఎన్‌ఎఫ్‌ఆర్2ను సరిగా పట్టుకోదు. ఫ్రీజర్‌లో మనిషి టీఎన్‌ఎఫ్ ఉందని ఎలుక మాక్రోఫేజ్‌ల మీద పోస్తే సగం సంకేతమే చదువుతారు. అలాగే ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను బ్లాకర్‌గా వాడేవాళ్లు గుర్తుంచుకోవాలి, అది ఎలుక టీఎన్‌ఎఫ్‌కు అతుక్కోదు.

టీఎన్‌ఎఫ్‌ఆర్2 గురించి

దీన్ని కరిగిన టీఎన్‌ఎఫ్‌తో లేపడం కష్టం. పొర మీదున్న టీఎన్‌ఎఫ్‌కే బాగా స్పందిస్తుంది. ఇక్కడ డెత్ డొమైన్ లేదు కాబట్టి ట్రాఫ్2 నేరుగా వచ్చి అతుక్కుంటుంది, సీఐఏపీలు దాని వెంట వెళ్లిపోతాయి. వాటికి దూరమైన ఎన్‌ఐకే అనే కైనేజ్ పోగుపడి, పీ100 అనే ప్రోటీన్ తెగి పీ52గా మారేలా చేస్తుంది. ఈ మార్పు నిమిషాల్లో రాదు, గంటలు పడుతుంది, కాబట్టి పై ఆరు డిష్‌ల లెక్కను ఇక్కడ వాడకండి. 2, 4, 8, 24 గంటలు పెట్టుకోండి. ఫ్లో సైటోమెట్రీలో రిసెప్టర్ కొలిచే ముందు సెల్స్‌ను పీఎంఏ అనే రసాయనంతో కదిలించవద్దు. పీఎంఏకు టేస్ లేచి, టీఎన్‌ఎఫ్‌ను కోసినట్టే రిసెప్టర్లనూ కోసేస్తుంది, అరగంటలో ఉపరితలం బోసిపోతుంది.