హోస్టింగ్ మార్చే ముందు: గూగుల్‌లో స్థానం జారకుండా జాగ్రత్తలు

పత్తర్‌గట్టీ ముత్యాల దుకాణానికి ధన్‌తేరస్ ముందు, అమీర్‌పేట కోచింగ్ సెంటర్‌కు కొత్త బ్యాచ్‌ల ముందు సైటు నెమ్మదించిందని గుర్తొస్తుంది. హోస్టింగ్ మార్చాలంటే గిరాకీకి కనీసం నెల ముందే ఆ పని ముగించండి. సర్వర్ మారాక గూగుల్ కొన్నాళ్లు క్రాలింగ్ (పేజీలను వచ్చి చదవడం) తగ్గిస్తుంది. కొత్త సర్వర్ ఎంత తట్టుకుంటుందో చూసుకుని మళ్లీ పెంచుతుంది. ఆ కుదుటపడే రోజులు సీజన్‌లో పడకూడదు.

ఐపీ అడ్రస్ (నెట్‌లో సర్వర్ నంబరు) మారినంత మాత్రాన ర్యాంకు పడిపోదు. మార్పులో జారిపోయే చిన్న చిన్న వాటివల్లే పడుతుంది. అందుకే అదే రోజు థీమ్, డొమైన్, పర్మాలింకులు (పేజీల శాశ్వత లింకులు) ఏవీ ముట్టుకోవద్దు. అన్నీ ఒకేసారి మారిస్తే దెబ్బ ఎక్కడ తగిలిందో తేల్చలేరు. సర్వర్ మన ఊళ్లో ఉంటే ర్యాంకు పెరుగుతుందన్న మాట కూడా నమ్మకండి. అమెజాన్‌కు ముంబైలోనే కాక 2022 నవంబరు నుంచి హైదరాబాద్‌లోనూ డేటా సెంటర్లున్నాయి. దగ్గరి సర్వర్‌తో ఇక్కడి కస్టమర్లకు పేజీ త్వరగా తెరుచుకుంటుంది, అది మంచిదే. కానీ దాన్ని చూసి గూగుల్ పైకెత్తదు.

ముందు చూడాల్సింది టీటీఎల్. మీ డొమైన్ ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పే డీఎన్ఎస్ రికార్డును నెట్ ప్రొవైడర్లు ఎన్ని సెకన్లు దాచుకోవచ్చో చెప్పే అంకె అది. సాధారణంగా 14400 గానీ 86400 గానీ ఉంటుంది. మార్పుకు రెండు రోజుల ముందే 300కి దించండి. అదే రోజు ఉదయం దించితే లాభం లేదు, పాత గడువు తీరేదాకా పాత అడ్రసే నడుస్తుంది. వీలైతే నేమ్‌సర్వర్ల (డీఎన్ఎస్ రికార్డులు ఉండే సర్వర్ల) జోలికి పోకుండా ఐపీ అడ్రస్ ఉండే A రికార్డు (ఉంటే AAAA కూడా) మాత్రమే మార్చండి. డాట్ కామ్‌కు నేమ్‌సర్వర్ల టీటీఎల్ 172800 సెకన్లు, అంటే 48 గంటలు. దాన్ని తగ్గించడం మన చేతిలో లేదు. నేమ్‌సర్వర్లు మార్చక తప్పకపోతే మెయిల్‌కు సంబంధించిన ఎంఎక్స్, ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు, సెర్చ్ కన్సోల్ (సైటు ఓనర్లకు గూగుల్ ఇచ్చే టూల్) వెరిఫికేషన్ రికార్డు అన్నీ కొత్త చోట ముందే ఎక్కించాలి. డీఎన్ఎస్‌సెక్ (డీఎన్ఎస్ జవాబులకు సంతకపు రక్షణ) ఆన్‌లో ఉంటే రిజిస్ట్రార్ (డొమైన్ కొన్న సంస్థ) దగ్గర ఆ సంతకాన్ని చూపే డీఎస్ రికార్డు తీయించి రెండు రోజులు ఆగాకే మార్చండి. లేకపోతే చాలామందికి సైటే తెరుచుకోదు.

ఎక్కువమంది మరిచేది ఐపీవీ6 (కొత్త తరహా ఐపీ) అడ్రస్ ఉండే రికార్డు, అంటే AAAA అని నాలుగు ఏలతో కనిపించేది. అది పాత సర్వర్‌నే చూపిస్తుంటే ఆఫీసు వైఫైలో కొత్త సైటు, జియో ఫోన్లలో పాత సైటు కనిపించవచ్చు. వైఫై ఆపేసి ఫోన్‌లో ఒకసారి చూడండి.

తెలుగు సైట్లకు అసలు ప్రమాదం డేటాబేస్‌లో ఉంది. యూటీఎఫ్-8 అనే అక్షరాల కోడింగ్‌లో ఒక్కో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ మూడు బైట్లు పడతాయి. దిగుమతి లాటిన్1గా (ఒక్కో బైటునూ ఒక్కో అక్షరంగా చదివే పాత కోడింగ్) జరిగితే ఆ మూడూ మూడు ముక్కలవుతాయి. తెలుగు ఉండాల్సిన చోట తలమీద గీత ఉన్న ఇంగ్లిష్ ఏ, పక్కనే డిగ్రీ గుర్తు, మళ్లీ అదే వరస కనిపిస్తుంది. డంప్ (డేటాబేస్ కాపీ) తీసేటప్పుడూ ఎక్కించేటప్పుడూ యూటీఎఫ్8ఎంబీ4 అని స్పష్టంగా చెప్పండి. హోమ్ పేజీ బాగుందని వదిలేయకుండా పాత పోస్టుల టైటిళ్లు, కామెంట్లు కూడా తెరిచి చూడండి.

తెలుగు యూఆర్ఎల్‌లదీ ఇలాంటి చిక్కే. లింకులో ఒక్కో గుర్తు శాతం కోడ్‌గా మారి తొమ్మిది అక్షరాలవుతుంది. వర్డ్‌ప్రెస్ స్లగ్‌కు (లింకులో శీర్షిక ఉండే భాగానికి) ఉన్న చోటు 200 అక్షరాలు, కాబట్టి 22 గుర్తులు దాటిన శీర్షిక అక్కడికి తెగిపోతుంది. ఆ తెగిన లింకునే గూగుల్ ఇండెక్స్ చేసుకుంది (తన జాబితాలో చేర్చుకుంది) కాబట్టి దాన్ని అందంగా సరిదిద్దాలని చూడకండి. పోస్టులు విడిగా ఇంపోర్ట్ చేయకుండా డేటాబేస్ మొత్తం యథాతథంగా తరలించండి. తెలుగు పేర్లున్న ఫొటోలు జిప్ విప్పేటప్పుడు పేరు చెడి 404 (దొరకలేదు) ఎర్రర్ అవుతుంటాయి, వాటికి సర్వర్ నుంచి సర్వర్‌కు నేరుగా కాపీ చేసే ఆర్‌సింక్ మేలు.

చుక్కతో మొదలయ్యే హెచ్‌టీయాక్సెస్ (.htaccess) ఫైలు ఎఫ్‌టీపీలో (ఫైళ్లు తరలించే టూల్‌లో) చాలాసార్లు కనబడదు. పాత లింకులను కొత్తవాటికి శాశ్వతంగా మళ్లించే 301 రీడైరెక్టులు అందులోనే ఉంటాయి. కొత్త హోస్ట్ వాడే సర్వర్ సాఫ్ట్‌వేర్ ఎన్‌జినెక్స్ (nginx) అయితే ఆ ఫైలును అసలు చదవదు, రూళ్లన్నీ మళ్లీ రాయాలి.

డీఎన్ఎస్ తిప్పకముందే కొత్త సైటును పరీక్షించడానికి మీ కంప్యూటర్‌లోని హోస్ట్స్ ఫైలులో (డీఎన్ఎస్ కంటే ముందు కంప్యూటర్ చూసే అడ్రస్‌ల జాబితాలో) కొత్త ఐపీ రాసుకోండి. హోస్ట్ ఇచ్చిన తాత్కాలిక లింకు వాడితే దానికి పాస్‌వర్డ్ పెట్టండి. నోఇండెక్స్ (గూగుల్ జాబితాలో చేర్చొద్దనే) టిక్ పెట్టుకుని తర్వాత తీయడం మరిస్తే, గూగుల్ మళ్లీ వచ్చినప్పుడల్లా ఒక్కో పేజీ ఇండెక్స్ నుంచి రాలిపోతుంది. ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్‌ను (https కోసం) డీఎన్ఎస్ పద్ధతిలో ముందే తెచ్చి పెట్టుకోండి.

మార్పు రాత్రి 2 నుంచి 4 మధ్య చేయండి. ఆర్డర్లు, కామెంట్లు ఆపి, చివరి డేటాబేస్ కాపీ తీసి, అప్పుడే అడ్రస్ తిప్పండి. కాసేపు సైటు మూయాల్సి వస్తే 503 (తాత్కాలికంగా అందుబాటులో లేదు) కోడ్ ఇవ్వండి. మరమ్మతు పేజీకి 200 (అంతా బాగుంది) కోడ్ ఇస్తే గూగుల్ దాన్నే అసలు పేజీ అనుకుంటుంది. వెంటనే సెర్చ్ కన్సోల్‌లో నాలుగైదు ముఖ్యమైన లింకులకు లైవ్ టెస్ట్ నడపండి. కొత్త సర్వర్ ఫైర్‌వాల్ గూగుల్‌బాట్‌ను (పేజీలు చదివే గూగుల్ ప్రోగ్రామ్‌ను) అడ్డుకుంటే మీ బ్రౌజర్‌లో ఆ సంగతి తెలియదు, ఆ టెస్ట్‌లోనే తెలుస్తుంది. ఏ పేజీలు చదవొచ్చో గూగుల్‌కు చెప్పే రోబోట్స్ ఫైలుకు (robots.txt) 500 వరసలోని సర్వర్ ఎర్రర్ వస్తే మొత్తం క్రాలింగే ఆగుతుంది, దాన్ని విడిగా తెరిచి చూడండి.

తర్వాతి రెండు వారాలు సెర్చ్ కన్సోల్‌లోని క్రాల్ స్టాట్స్‌లో హోస్ట్ స్టేటస్, 404ల సంఖ్య రోజూ చూస్తుండండి. అంతా నిలకడగా ఉంటే టీటీఎల్ మళ్లీ పెంచండి. పాత సర్వర్ లాగ్‌లో గూగుల్‌బాట్ రాక పూర్తిగా ఆగాకే ఆ ఖాతా రద్దు చేయండి.